ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాలు నిజంగా సమానమేనా? ఆవేశం సున్నా అంటే లోపల ఏమీ లేనట్టా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: ప్రోటాన్ ఎలక్ట్రాన్ కన్నా 1836 రెట్లు బరువున్నప్పుడు రెండింటి ఆవేశం సరిగ్గా సమానమని ఎలా అంటారు, ఎవరైనా కొలిచి చూశారా? న్యూట్రాన్‌కు ఆవేశం లేదంటే లోపల ఖాళీయా, లేక ఒక ప్రోటానూ ఒక ఎలక్ట్రానూ అతుక్కుని ఉంటాయా? పరమాణువులన్నీ తటస్థమైతే అవి ఒకదాన్నొకటి ఎందుకు పట్టుకుంటాయి, రుద్దితే ఆవేశం ఎక్కడి నుంచి వస్తుంది?

సూటిగా జవాబు: సమానమే. ప్రోటాన్ +1, ఎలక్ట్రాన్ −1. రెండింటి పరిమాణంలో తేడా అంటూ ఉంటే అది 10²¹ భాగాల్లో ఒక భాగానికి మించదని ప్రయోగాలు తేల్చాయి. న్యూట్రాన్ మొత్తం ఆవేశం సున్నా, కానీ దాని లోపల ఆవేశమున్న, ఇంకా చిన్న కణాలైన క్వార్క్‌లు ఉన్నాయి. అది ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల జంట కాదు. పరమాణువు తటస్థంగా ఉందంటే దానిలోని ధన, రుణ ఆవేశాలను కూడితే సున్నా వస్తోందని. ఖాతాలో నిల్వ సున్నా ఉన్నంత మాత్రాన అందులో జమా ఖర్చూ జరగలేదని అనుకోం కదా. పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకోవడం, రుద్దితే ఆవేశం కనిపించడం, ఇవన్నీ ఆ జమా ఖర్చుల వల్లే.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, ల్యాబ్‌లో మిల్లికాన్ నూనె చుక్కల ప్రయోగం చేయిస్తాను. ఈ మూడు సందేహాలూ దాదాపు ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. అడగని బ్యాచ్ అంటేనే నాకు కొంచెం బెంగ. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. బరువైన కణానికి ఎక్కువ ఆవేశం ఉండాలన్న ఊహ సహజంగానే వస్తుంది, కానీ ప్రకృతిలో దానికి ఆధారం లేదు. మ్యువాన్ అనే కణం ఎలక్ట్రాన్ కన్నా 207 రెట్లు బరువు. టౌ అనేది దాదాపు 3,477 రెట్లు. మూడింటి ఆవేశమూ −1 మాత్రమే. డబ్ల్యూ బోసాన్ అయితే ఎలక్ట్రాన్ కన్నా లక్షన్నర రెట్లకు పైగా బరువు, అయినా దాని ఆవేశం +1 లేదా −1. న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా రవ్వంత బరువే, ఆవేశం మాత్రం సున్నా.

ప్రోటాన్ లోపలికి వెళితే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. అందులో రెండు అప్ క్వార్క్‌లు, ఒక డౌన్ క్వార్క్ ఉంటాయి. అప్ క్వార్క్ ఆవేశం +2/3, డౌన్ క్వార్క్‌ది −1/3. రెండు +2/3లు, ఒక −1/3 కూడితే +1. అయితే ఈ మూడు క్వార్క్‌ల సొంత ద్రవ్యరాశిని కూడితే ప్రోటాన్ ద్రవ్యరాశిలో 1 శాతం దగ్గరే ఆగిపోతుంది. మిగతాదంతా క్వార్క్‌ల కదలికలోనూ, వాటిని కట్టి ఉంచే గ్లువాన్ల క్షేత్రంలోనూ ఉన్న శక్తి. గ్లువాన్లకు విద్యుదావేశం లేదు. అంటే ప్రోటాన్‌కు బరువు చాలావరకు ఒక చోటి నుంచి వస్తోంది, ఆవేశం మరో చోటి నుంచి వస్తోంది. 1836 అనే సంఖ్య ఆవేశం లెక్కలోకి రావడానికి దారే లేదు.

ఇక్కడే ఇంకొక్క మాట. ఆవేశం దేనితో తయారైందని కొందరు అడుగుతారు. దానికి లోపల ఇంకో పదార్థం లేదు. విద్యుత్ క్షేత్రంలో పెట్టినప్పుడు కణం ఎటు కదులుతుంది, ఎంత బలంతో కదులుతుంది, చుట్టూ ఎంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది అన్నదాన్ని చెప్పే సంఖ్యే ఆవేశం. ధనం, రుణం అన్న గుర్తులు 18వ శతాబ్దంలో ఫ్రాంక్లిన్ పెట్టిన ఒప్పందం. ఆయన ఎంపిక తలకిందులుగా ఉండి ఉంటే ఈరోజు ఎలక్ట్రాన్‌ను ధనావేశమని పిలిచేవాళ్లం, భౌతికశాస్త్రంలో ఏ లెక్కా మారేది కాదు.

ఆవేశం మెట్లు మెట్లుగా ఉంటుందని ఎలా తెలిసింది? 1897లో జె.జె. థామ్సన్ కేథోడ్ కిరణాలను వంచి, వాటిలోని కణానికి ఆవేశానికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తిని కొలిచాడు. ఆవేశం విడిగా ఎంతో ఆ కొలతతో తేలలేదు. 1909 నుంచి రాబర్ట్ మిల్లికాన్, హార్వీ ఫ్లెచర్ నూనె చుక్కలతో ఆ పని మొదలుపెట్టారు, 1913కల్లా మంచి విలువ వచ్చింది. రెండు లోహపు పలకల మధ్య సన్నటి నూనె తుంపర వదులుతారు. పలకలకు వోల్టేజి పెట్టి, చుక్క కింద పడే వేగం, పైకి లేచే వేగం మైక్రోస్కోపులో చూసి లెక్క కడతారు. ఏ చుక్కను కొలిచినా ఆవేశం ఒక చిన్న విలువకు పూర్ణాంక గుణిజంగానే వచ్చింది: ఒకటి, రెండు, అయిదు, తొమ్మిది రెట్లు. ఒకటిన్నర రెట్లు ఎప్పుడూ రాలేదు. ఆ చిన్న విలువే ప్రాథమిక ఆవేశం: 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యను కొలవడం లేదు, నిర్వచనంగా స్థిరపరిచేశారు. కూలుంబు ఎంతన్నదే ఇప్పుడు దీన్నిబట్టి నిర్ణయమవుతుంది.

మీకు ఈ ప్రయోగం చేసే అవకాశం ఉంటే కొన్ని సంగతులు పనికొస్తాయి. విద్యార్థులు సాధారణంగా బాగా మెరిసే పెద్ద చుక్కను పట్టుకుంటారు, అది చూడ్డానికి సులువు గనక. ఆ చుక్క మీద 15 ప్రాథమిక ఆవేశాలు ఉండొచ్చు. 15కీ 16కీ మధ్య తేడా 6–7 శాతం, అంటే మన కొలతలో ఉండే పొరపాటంత. అలాంటి చుక్కలతో గీసిన గ్రాఫులో మెట్లు కనిపించవు, ఆవేశం ఎంతైనా ఉండొచ్చనే అనిపిస్తుంది. వోల్టేజి తీసేసినప్పుడు ఒక మిల్లీమీటరు దిగడానికి 15–20 సెకన్లు తీసుకునే చిన్న చుక్కను ఎంచుకోవాలి. దాని వ్యాసార్ధం మైక్రాన్‌లో ముప్పాతిక వంతు దగ్గర ఉంటుంది, దాని మీద ఒకటో రెండో మూడో ప్రాథమిక ఆవేశాలు ఉంటే సులువుగా లెక్క తేలుతుంది. ఆ చుక్క కాస్త అటూ ఇటూ వణుకుతుంది, గాలి అణువులు గుద్దడం వల్ల. అందుకే ఒకే చుక్కను పదే పదే దించి, ఎక్కించి సగటు తీసుకోవాలి.

రెండో చిక్కు ఇంకా సాధారణం. విద్యార్థికి 1.6 బదులు 1.8, 1.9 దగ్గర విలువ వస్తుంది, ప్రయోగం చెడిపోయిందనుకుని కాగితం పక్కన పడేస్తాడు. చెడిపోలేదు. ఇంత చిన్న చుక్కకు గాలి అవిచ్ఛిన్నమైన ద్రవంలా ప్రవర్తించదు, అణువుల సందుల్లోంచి చుక్క కాస్త జారిపోతుంది. చుక్క మీద గాలి నిరోధాన్ని లెక్కకట్టే మామూలు స్టోక్స్ సూత్రంలో కన్నింగ్‌హామ్ సవరణ పెడితే విలువ మళ్లీ 1.6 దగ్గరికి దిగుతుంది. మిల్లికాన్‌కు ఈ సవరణ తెలుసు. అయినా ఆయన విలువ అసలు దానికన్నా అర శాతానికి పైగా తక్కువ వచ్చింది, ఆయన వాడిన గాలి స్నిగ్ధత (కదిలే వస్తువును అడ్డుకునే గుణం) విలువ సరైనది కాకపోవడం వల్ల.

క్వార్క్‌ల ఆవేశం మూడో వంతుల్లో ఉంటే మరి చుక్కల మీద అది ఎందుకు కనిపించదు? క్వార్క్ ఒంటరిగా బయటికి రాదు కాబట్టి. బలవంతంగా లాగితే మనం పెట్టిన శక్తి నుంచే కొత్త క్వార్క్ జంట పుడుతుంది. మనకు చిక్కేది ఎప్పుడూ పూర్ణాంక ఆవేశమున్న కణమే. ఈ విషయాన్ని నమ్మకానికి వదిలేయలేదు: మార్టిన్ పెర్ల్ బృందం మిల్లికాన్ పద్ధతినే యంత్రాలతో ఆధునికంగా చేసి కోట్ల చుక్కలను పరీక్షించింది, మూడో వంతు ఆవేశానికి ఆధారం దొరకలేదు. అతి చల్లటి పరిస్థితుల్లో, బలమైన అయస్కాంత క్షేత్రంలో కొన్ని అర్ధవాహకాల్లో మూడో వంతు ఆవేశం కనిపిస్తుంది. అయితే అది లెక్కలేనన్ని ఎలక్ట్రాన్లు కలిసికట్టుగా కదిలినప్పుడు పుట్టే ప్రవర్తన, అక్కడ ఏ ఎలక్ట్రానూ విరిగిపోలేదు.

ఇక అసలు ప్రశ్న: సమానమని ఎలా తేల్చారు? ప్రోటాన్‌ను ఒకసారి, ఎలక్ట్రాన్‌ను ఒకసారి కొలిచి పోల్చడం మంచి దారి కాదు, ఎందుకంటే రెండు కొలతల్లోనూ పొరపాట్లు చేరతాయి. దానికి బదులు ప్రకృతే రెండింటినీ కలిపి కట్టిన తటస్థ పదార్థాన్ని తీసుకుని, కోటాను కోట్ల పరమాణువుల మీద మిగులు ఆవేశం ఉందేమో వెతకాలి. ఒక్కో పరమాణువులో ఉన్న తేడా ఎంత చిన్నదైనా 10²³ పరమాణువులు కలిస్తే అది పెరిగి కనిపించాలి.

1925లో పికార్డ్, కెస్లర్ చేసింది ఇదే. బయటి నుంచి విద్యుత్తు తగలకుండా వేలాడదీసిన పాత్రలో వాయువు నింపి, మెల్లగా బయటికి వదిలారు. వాయువు అణువుల మీద ఏ కాస్త ఆవేశమున్నా అది వెళ్లిపోయాక పాత్ర వోల్టేజి మారాలి. చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తర్వాతి వాళ్లు పరమాణువుల కిరణాలను బలమైన విద్యుత్ క్షేత్రంలోంచి పంపి వంగుతాయేమో చూశారు. 1973లో డిల్లా, కింగ్ సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువును ఒక పాత్రలో పెట్టి, అటూ ఇటూ మారే విద్యుత్ క్షేత్రం కలిగించారు. అణువుల మీద మిగులు ఆవేశముంటే అవి ఊగి శబ్ద తరంగం పుట్టాలి. మైక్రోఫోనుతో విన్నారు. ఏమీ వినిపించలేదు. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగాల్లో ఇదొకటి. ప్రోటాన్ ఆవేశం ఎలక్ట్రాన్ ఆవేశానికి సమానమా అన్న ప్రశ్నను వాళ్లు ఒక నిశ్శబ్దాన్ని కొలిచే ప్రశ్నగా మార్చేశారు. 10²¹లో ఒక భాగం అన్న హద్దు ఈ రకం ప్రయోగాల నుంచి వచ్చిందే.

ఆ హద్దు ఎంత గట్టిదో ఒక లెక్క చెబుతాను. ఒక గ్రాము హైడ్రోజన్‌లో 6 × 10²³ పరమాణువులుంటాయి. ఆ మొత్తానికీ కలిపి తేడా అంటూ ఉంటే సుమారు 600 ఎలక్ట్రాన్ల ఆవేశానికి మించదు.

ఇది లోకానికి అవసరం లేని సూక్ష్మం అనుకోకండి. 1959లో బాండి, లిటిల్‌టన్ ఒక ఊహ ముందుకు తెచ్చారు: ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల్లో 10¹⁸కి రెండు వంతుల తేడా ఉంటే, హైడ్రోజన్ పరమాణువులు ఒకదాన్నొకటి గురుత్వాకర్షణను మించి తోసుకుంటాయి, విశ్వం వ్యాకోచించడానికి అదే కారణం కావచ్చు అని. లెక్క నిజమే. విద్యుత్ బలం గురుత్వం కన్నా అంత పెద్దది: హైడ్రోజన్‌లో ప్రోటాన్, ఎలక్ట్రాన్ మధ్య విద్యుదాకర్షణ వాటి గురుత్వాకర్షణకు 10³⁹ రెట్ల పైచిలుకు. ఆ తేడా నిజంగా ఉంటే నక్షత్రాలు, గెలాక్సీలు ఇప్పుడున్నట్టు కట్టి ఉండవు. ప్రయోగశాలలో వెతికారు, తేడా దొరకలేదు, ఊహ వీగిపోయింది. తప్పని తేలినా ఆ ఊహ వల్లే కొలతలు ఇంత పదునెక్కాయి, అందుకే క్లాసులో దాన్ని తప్పకుండా చెబుతాను.

వేగం వల్ల ఆవేశం మారుతుందా అన్నది దీనికి దగ్గరి సందేహమే. మారదు. దీనికి నేను చెప్పే ఉదాహరణ హైడ్రోజన్ అణువు, హీలియం పరమాణువు. రెండింటిలోనూ రెండు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు. అయితే హీలియంలో ప్రోటాన్లు చిన్న కేంద్రకంలో బిగుసుకుని చాలా ఎక్కువ శక్తితో కదులుతుంటాయి, హైడ్రోజన్ అణువులో అవి దూరదూరంగా నిదానంగా ఉంటాయి. ఆవేశం వేగంతో ఏ కాస్త మారినా రెండింటిలో ఒక్కటే తటస్థంగా ఉండగలదు. కొలిస్తే రెండూ తటస్థమే. బంగారంలో అన్నిటికన్నా లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో ఉంటాయి, దాని ప్రభావం ఆ లోహం రంగులోనే కనిపిస్తుంది. అయినా బంగారు పరమాణువు మొత్తం ఆవేశం సున్నానే.

ఎందుకు సమానం? ఇక్కడ నిజాయితీగా మాట్లాడాలి. ఎంత సమానమో చెప్పడానికి మన దగ్గర అద్భుతమైన కొలతలున్నాయి. ఎందుకు సమానమో చెప్పే పూర్తి వివరణ ఇంకా రాలేదు, కొంతవరకు వచ్చింది. ప్రామాణిక నమూనా అనే మన ఇప్పటి సిద్ధాంతం లోపలి వైరుధ్యం లేకుండా నిలబడాలంటే ఒక తరం కణాల ఆవేశాలన్నీ కూడితే సున్నా రావాలి. అప్, డౌన్ క్వార్క్‌లు మూడేసి రంగుల్లో ఉంటాయి (ఇది కంటికి కనిపించే రంగు కాదు, క్వార్క్‌ల ఒక గుణానికి పెట్టిన పేరు): మూడు +2/3లు అంటే +2, మూడు −1/3లు అంటే −1, ఎలక్ట్రాన్ −1, న్యూట్రినో అనే తేలికపాటి కణం సున్నా. మొత్తం సున్నా. కాబట్టి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని మనిష్టమొచ్చినట్టు మార్చి క్వార్క్‌లను అలాగే ఉంచడం కుదరదు. 1931లో డిరాక్ ఇంకో దారి చూపించాడు: విశ్వంలో ఒక్క అయస్కాంత ఏకధ్రువం (ఉత్తరమో దక్షిణమో ఒకే ధ్రువమున్న కణం) ఉన్నా చాలు, ఆవేశం మెట్లుగానే ఉండి తీరాలి. ఏకధ్రువం మాత్రం ఇంతవరకూ దొరకలేదు. 1974లో జార్జి, గ్లాషో క్వార్క్‌లనూ ఎలక్ట్రాన్‌నూ ఒకే కుటుంబంలో చేర్చే సిద్ధాంతం ఇచ్చారు. అందులో సమానత్వం సహజంగా వచ్చేస్తుంది. అయితే ఆ సిద్ధాంతం చెప్పినట్టు ప్రోటాన్ క్షీణించడం ఎవరికీ కనిపించలేదు. నా అభిప్రాయం అడిగితే, ఈ సమానత్వం వెనక ఏదో లోతైన ఐక్యత ఉంది. 21 అంకెల దాకా కుదిరిన సమానత్వం కాకతాళీయమంటే నా మనసు ఒప్పదు.

న్యూట్రాన్ దగ్గరికి వద్దాం. ప్రోటాన్, ఎలక్ట్రాన్ అతుక్కుని న్యూట్రాన్ అయిందన్నది మీ ఒక్కరి ఊహ కాదు. 1932లో చాడ్విక్ న్యూట్రాన్‌ను కనుక్కోకముందు గొప్ప శాస్త్రవేత్తలే కేంద్రకంలో ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకున్నారు, బీటా క్షయం అనే రేడియోధార్మిక మార్పులో కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ బయటికి వస్తోంది కదా అని. రెండు చోట్ల అది పొసగలేదు. నైట్రోజన్-14 కేంద్రకంలో 14 ప్రోటాన్లు, 7 ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకుంటే మొత్తం 21 కణాలు. ఒక్కోదాని స్పిన్ (కణానికి సహజంగా ఉండే భ్రమణం లాంటి గుణం) సగం కాబట్టి, బేసి సంఖ్యలో కలిస్తే మొత్తం స్పిన్ ఒక పూర్ణాంకానికి సగం జోడించినట్టు రావాలి. కొలిస్తే 1 వచ్చింది. 7 ప్రోటాన్లు, 7 న్యూట్రాన్లు అంటే సరిగ్గా సరిపోతుంది. రెండోది, ఎలక్ట్రాన్‌ను కేంద్రకమంత ఇరుకు చోట బంధిస్తే అనిశ్చితత్వ నియమం ప్రకారం దాని శక్తి పదుల మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల శక్తిని కొలిచే ప్రమాణం) ఉండాలి. బీటా క్షయంలో వచ్చే ఎలక్ట్రాన్లకు సాధారణంగా అంత శక్తి ఉండదు.

మరి ఆ ఎలక్ట్రాన్ ఎక్కడిది? క్షయం జరిగిన క్షణంలో కొత్తగా పుట్టింది. విడి న్యూట్రాన్ సగటున 15 నిమిషాల లోపు ప్రోటాన్‌గా మారి, ఒక ఎలక్ట్రాన్‌నూ ఒక ప్రతిన్యూట్రినోనూ ఇస్తుంది. ఆవేశం లెక్క చూడండి: ముందు 0, తర్వాత +1, −1, 0. కణాలు పుట్టొచ్చు, పోవచ్చు, మొత్తం ఆవేశం మాత్రం మారదు. గామా కిరణం ఎలక్ట్రాన్, పాజిట్రాన్ (+1 ఆవేశమున్న ఎలక్ట్రాన్ ప్రతికణం) జంటగా మారినా అంతే. ఒంటరి ఎలక్ట్రాన్ ఏదీ శూన్యంలోంచి ఊడిపడదు.

న్యూట్రాన్‌లో ఒక అప్, రెండు డౌన్ క్వార్క్‌లు: +2/3, −1/3, −1/3. కూడితే సున్నా. లోపల ఆవేశం నిజంగా ఉందనడానికి సాక్ష్యం దాని అయస్కాంతత్వం. ఆవేశం అసలే లేని కణానికి అయస్కాంత భ్రామకం (అయస్కాంతంగా దాని బలం) ఉండకూడదు, న్యూట్రాన్‌కు మాత్రం కేంద్రక మాగ్నెటాన్లలో (ఆ బలానికి వాడే ప్రమాణం) −1.91 ఉంది. ప్రోటాన్‌కు 2.79. 1968 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్ యాక్సిలరేటర్‌లో వేగవంతమైన ఎలక్ట్రాన్లతో ప్రోటాన్లను, న్యూట్రాన్లను కొట్టి చూసినప్పుడు లోపల బిందువుల్లాంటి ఆవేశాలు తగిలాయి. ఫ్రీడ్‌మన్, కెండల్, టేలర్‌లకు దానికే 1990లో నోబెల్ వచ్చింది. న్యూట్రాన్లను ఎలక్ట్రాన్లతో పరిక్షేపణ చేయించిన కొలతల్లో, స్థూలంగా చెప్పాలంటే, న్యూట్రాన్ అంచు వైపు రుణావేశం కాస్త ఎక్కువగా పరుచుకున్నట్టు తెలుస్తుంది. అయినా ధన, రుణ ఆవేశాల కేంద్రాలు రెండూ ఒకే చోట ఉన్నాయి. ఇప్పటి కొలతల ప్రకారం వాటి మధ్య ఎడం 10⁻²⁵ సెంటీమీటర్లకన్నా తక్కువ. ఎందుకంత ఖచ్చితంగా కలిసిపోయాయన్నది కూడా ఇంకా తేలని ప్రశ్నే.

ఇక పరమాణువు, అయాను సంగతి. ఎలక్ట్రాన్లు పోయో చేరో ఆవేశం వచ్చిన పరమాణువే అయాను. పరమాణువు ఏ మూలకమో చెప్పేది కేంద్రకం ఆవేశమే. ఇది 1913లో మోస్‌లీ ఎక్స్ కిరణాలతో తేల్చాడు. అంతకుముందు మూలకాలను బరువుల వరసలో పెట్టేవాళ్లు. అలా పెడితే కోబాల్టు నికెల్ తర్వాతికి పోతుంది, రసాయన గుణాలు కుదరవు. కేంద్రకం ఆవేశం కోబాల్టుకు 27, నికెల్‌కు 28 అని కొలతలోనే తేలాక చిక్కు విడిపోయింది.

పరీక్ష పేపర్లలో నాకు మళ్లీ మళ్లీ కనిపించే పొరపాటు ఒకటుంది: సోడియం అయాను ధనావేశంతో ఉందంటే దానికి ఒక ప్రోటాన్ వచ్చి చేరిందని రాస్తారు. ప్రోటాన్ చేరితే అది సోడియమే కాదు, మెగ్నీషియం అవుతుంది. రసాయన చర్యల్లో అటూ ఇటూ మారేది ఎలక్ట్రాన్లే, కేంద్రకం జోలికి ఏదీ పోదు. 11 ప్రోటాన్లు అలాగే ఉన్నాయి, ఎలక్ట్రాన్లు 10 అయ్యాయి, కాబట్టి +1.

ఇంకో పొరపాటు, సోడియం ఎలక్ట్రాన్‌ను ఇవ్వడానికి తహతహలాడుతుందని రాయడం. సోడియం నుంచి ఒక ఎలక్ట్రాన్ తీయాలంటే 5.14 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మనమే పెట్టాలి. క్లోరిన్ దాన్ని తీసుకుంటే తిరిగొచ్చేది 3.6 మాత్రమే. ఇంకా 1.5 నష్టం. ఆ నష్టం తీరేది రెండు అయానులు దగ్గరికి వచ్చాకే. +1, −1 ఆవేశాలు 0.24 నానోమీటర్ల దూరానికి చేరేసరికి ఆకర్షణ వల్ల దాదాపు 6 ఎలక్ట్రాన్ వోల్టులు విడుదలవుతాయి. సోడియం నుంచి రెండో ఎలక్ట్రాన్ తీయాలంటే 47 పైగా కావాలి, ఏ రసాయన చర్యా అంత ఇవ్వలేదు. సోడియం +1 దగ్గర ఆగడానికి ఉన్న కారణం ఈ లెక్కే. యాక్సిలరేటర్లలో అయితే ఆ శక్తి పెట్టగలం: లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో సీసం పరమాణువుల 82 ఎలక్ట్రాన్లనూ ఊడదీసి, +82 ఆవేశమున్న ఒట్టి కేంద్రకాలను పరుగెత్తిస్తారు.

అయానులే లేని చోట కూడా పరమాణువులు దగ్గరవుతాయి. ఆర్గాన్ ఏ ఎలక్ట్రాన్‌నూ ఇవ్వదు, పుచ్చుకోదు. అయినా −186 డిగ్రీల సెల్సియస్ దగ్గర ద్రవమవుతుంది. దూరం నుంచి చూస్తే ఆవేశం సున్నా. దగ్గరికొచ్చేసరికి పక్క పరమాణువుకు కేంద్రకం వేరుగా, ఎలక్ట్రాన్ మేఘం వేరుగా తగులుతాయి. ఒకదాని మేఘం కాస్త పక్కకు ఒరిగితే రెండోదాని మేఘం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది, ఆ సర్దుబాటులో సన్నటి ఆకర్షణ మిగులుతుంది. 1930లో లండన్ అనే శాస్త్రవేత్త దీన్ని క్వాంటం లెక్కలతో చూపించాడు.

ఆఖరిది, రుద్దితే ఏమవుతుంది? కొత్త ఆవేశం పుట్టదు. ఒక వస్తువు నుంచి రెండో దానికి ఎలక్ట్రాన్లు, కొన్ని పదార్థాల్లో అయానులు కూడా, మారతాయి. మారేవి ఎన్నో కూడా చెప్పొచ్చు. 50 గ్రాముల గాజు కడ్డీ మీద ఒక మైక్రోకూలుంబు చేరిందనుకుందాం, అది ఇలాంటి ప్రయోగానికి బాగా ఎక్కువే. అంటే 6.24 × 10¹² ఎలక్ట్రాన్లు వెళ్లిపోయాయి. కడ్డీలో ఉన్న పరమాణువులు 1.5 × 10²⁴ దగ్గర. సుమారు 24 వేల కోట్ల పరమాణువులకు ఒక్క ఎలక్ట్రాన్ అన్నమాట. కడ్డీ బరువులో మార్పును ఏ త్రాసూ చూపించలేదు.

ఇంకా ఎక్కువ ఎందుకు ఎక్కించలేం అని మీకు తోచవచ్చు. గాలి ఒప్పుకోదు. క్షేత్రం మీటరుకు సుమారు 30 లక్షల వోల్టులు దాటితే గాలి అయనీకరణం చెంది, నిప్పురవ్వగా ఆవేశం జారిపోతుంది. ఆ హద్దు దగ్గర చదును ఉపరితలం మీద నిలిచే ఆవేశం చదరపు మీటరుకు 27 మైక్రోకూలుంబులు. ఉపరితలంలోని పరమాణువులనే లెక్కలోకి తీసుకున్నా దాదాపు 60 వేలకు ఒక్కటి మాత్రమే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్నట్టు. పూర్తిగా విడదీయడం ఎంత అసాధ్యమో తెలియాలంటే ఇలా ఊహించండి: ఒక గ్రాము హైడ్రోజన్‌లోని ప్రోటాన్లన్నీ ఒక చోట, ఎలక్ట్రాన్లన్నీ భూమి వ్యాసమంత దూరంలో మరో చోట పెట్టగలిగినా, అవి ఒకదాన్నొకటి 50 టన్నుల బరువుకు సమానమైన బలంతో లాక్కుంటూనే ఉంటాయి.